చెరకు తోటలో ఎర్ర రంగు పాఠం

 

మన బోధన్ వైపు పిల్లలకు చెరకు గడకు అతుక్కునే పొలుసు పురుగు, పిండినల్లి తెలుసు. వాటి దూరపు చుట్టమే కోచినీల్. మెక్సికోలో నాగజెముడు మీద తెల్లటి పిండిలా కనిపిస్తుంది. ఆడ పురుగుల్ని ఎండబెట్టి నూరితే చిక్కటి ఎరుపు. ఆ రంగునిచ్చే కార్మినిక్ ఆమ్లమే చీమల నుంచి దానికి రక్ష. 1795లో మన దేశానికీ తెచ్చారు. వచ్చింది నాసిరకం, రంగు వ్యాపారం సాగలేదు, నాగజెముడు పొదలు మాత్రం ఎండాయి.

మోదుగ, రేగు చెట్ల మీది లక్క పురుగూ ఆ కోవదే. పాదాల లత్తుక, లాడ్ బజార్ గాజులు, భారతంలో లక్క ఇల్లు: సైన్సు, కళ, కథ ఒక్క పురుగులోనే ఉన్నాయి.

19వ శతాబ్దంలో కృత్రిమ రంగులొచ్చి కోచినీల్ రైతుల బతుకు తలకిందులైంది. 2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక, చెరకు రైతుల పిల్లలకు ఆ మాట విడమరచి చెప్పనక్కర లేదు.

టీచర్లకు నా విన్నపం. పిల్లలకు భూతద్దమిచ్చి తోటకు తీసుకెళ్లండి. పచ్చి లక్కను దంచి నానబెట్టి, పటిక నీళ్లలో ముంచిన గుడ్డకు రంగు పట్టించనివ్వండి. పురుగు కనబడగానే మందు డబ్బా వెతికే ముందు "ఇదేం చేస్తుంది?" అని అడిగితే చాలు. భూతద్దాలు మా బ్యాచ్ ఇస్తుంది.