మన ఊరి కాయితం మనమే చదవాలె

(విద్యార్థులు, ఉద్యోగుల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. ఆ మూడింటి కింద ఉన్నది భూమి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ మన ఊరి భూమి లెక్క ఏ పుస్తకంలో ఎట్లా రాసి ఉన్నదో మనలో ఎంతమందికి తెలుసు? ఉద్యోగులుగా మనం సర్వీసు రిజిస్టరులో ప్రతి పేజీ చూసుకుంటం. 610 జీవో అమలు కోసం ఏ శాఖలో ఎవరు ఎక్కడివారో లెక్కలు తీసినం. తాత పేరు మీదున్న పహాణీ నకలు మాత్రం మనలో చాలామందిమి ఎన్నడూ తియ్యలేదు. ఈ పూట ఆ పని గురించే మాట్లాడుకుందాం.

రాసినోనిదే భూమి

మన దగ్గర భూమి పోయింది కత్తితోనే కాదు, కలంతో కూడా పోయింది. సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత హైదరాబాద్ రాజ్యంలో సర్వే, సెటిల్‌మెంటు జరిగినయి. లెక్కలు ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో రాసిండ్రు. దున్నేటాయనకు ఆ అక్షరం రాదు. రాసే పట్వారీ, శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖ్, దేశ్‌పాండే కలిసి ఎవరి పేరు ఎక్కియ్యాల్నో వాళ్లే తేల్చిండ్రు. తరతరాలుగా సాగు చేసుకుంటున్న రైతు తనకు తెలియకుండానే కౌలుదారు అయిండు. పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచినా, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగినా, వాటి వెనుక ఈ కలం పోటు కూడా ఉన్నది. ఆ కాయితాన్ని ఆనాడు ఊరు చదువలేకపోయింది. ఈనాడు ఊరి నిండ డిగ్రీలున్నయి. మనకు ఇంకేం సాకు ఉన్నది?

ఏ కాయితంలో ఏముంటది

అన్నిటికి మొదలు సేత్వార్. సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, ఏ రకం భూమి, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నది సెటిల్‌మెంటు నాడు అందులో రాసిండ్రు. దాని నకలు జిల్లా సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో అడగాలె. పాత కాయితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటది. దానికి 590 కలిపితే మన సంవత్సరం సుమారుగా వస్తది. 1317 ఫస్లీ భూమిశిస్తు చట్టమంటే 1907 నాటిదన్నమాట.

ఆ తర్వాత చూడవలసింది 1954–55 నాటి ఖాస్రా పహాణీ. 1949లో జాగీర్లు రద్దయినయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ మార్పులన్నిటి తర్వాత పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరు అని చెప్పే పెద్ద ఆధారం ఇదే. దాని వెనుకనే 1955–58 చెసాలా పహాణీ ఉంటది. ఆ మీద ఏటేటా రాసిన పహాణీలు. పట్టా మార్పులు ఫైసల్ పట్టీలో చూడాలె. రక్షిత కౌలుదారు కుటుంబమైతే 38–ఇ సర్టిఫికెటు, ఇనాం భూమైతే 1955 ఇనాంల రద్దు చట్టం కింద ఇచ్చిన ఓఆర్‌సీ ఉన్నదా అని వెతకాలె.

ఇక క్రయవిక్రయాలకు ఈసీ ఉన్నది. కంప్యూటరులో 1983 నుంచి దొరుకుతది. అంతకు ముందటిది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పుస్తకాలు తిరగేయించాలె. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేతికి పోయింది. కాబట్టి ఒకే భూమికి రెండు చోట్ల వెతకవలసి వస్తది. ఒక మాట గుర్తుంచుకోండ్రి. ఈసీలో రిజిస్టరైన దస్తావేజులే కనబడతయి. సాదాబైనామా కనబడదు, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నది కనబడదు. ఈసీ ఖాళీగా ఉన్నదని భూమికి పేచీ లేదనుకోవద్దు.

ఒక సర్వే నంబరు కథ

పాత వరంగల్ జిల్లాలో ఒక ఊరికి మేము నలుగురం పోయినం. ఒక అవ్వకు 2018లో కొత్త పాస్ పుస్తకం రాలేదు. రెండెకరాల పది గుంటలు. ఆఫీసుకు పోతే "ఆన్‌లైన్‌ల లేదు" అన్నరు, రైతుబంధు రాలేదు, బ్యాంకు అప్పు ఇయ్యలేదు. పహాణీ నకళ్లకు దరఖాస్తు పెడితే కొన్ని ఏండ్లవి ఇచ్చిండ్రు, కొన్నిటికి చెదలు పట్టినయన్నరు.

సేత్వార్‌లో ఆ సర్వే నంబరు 14 ఎకరాల 20 గుంటలు. ఖాస్రా పహాణీలో అవ్వ మామ పేరు, పక్కన ఆయన కబ్జా స్పష్టంగా ఉన్నయి. ఇప్పటి లెక్కలో ఆ నంబరు కింది బై నంబర్లన్నీ కూడినం. 16 ఎకరాల 30 గుంటలు వచ్చింది. సరిగ్గా రెండెకరాల పది గుంటలు ఎక్కువ. భూమి పెరగదు, కాయితం పెరిగింది. విస్తీర్ణంలో తేడా ఉన్నదని అవ్వ ఖాతాను పార్ట్–బిలో పడేసిండ్రు.

ఎక్కువ ఎక్కించుకున్నది ఏ దొరనో అనుకున్నం. కాదు. ఆయన కూడా చిన్న రైతే. పాతికేండ్ల కింద ఇంకొకరి దగ్గర సాదాకాయితం మీద కొన్నడు, ఎక్కించినోడు తప్పు బై నంబరుకు ఎక్కించిండు. ఒక్క కలం తప్పుకు ఇద్దరు పేదలు గెట్టు కాడ కట్టెలు పట్టుకున్నరు. ఇద్దరినీ కూసోబెట్టి ఆ కాయితాలు చదివి వినిపించినం. అవ్వ మాత్రం, "మా మామ పేరు ఇంకోపారి చదువు బిడ్డా" అన్నది. పేచీ ఇంకా తెగలేదు. కానీ ఆ ఇద్దరూ ఇప్పుడు కలిసి ఒకటే దరఖాస్తు పెట్టుకున్నరు.

ఇది మన రాష్ట్రంలో జరిగిన తప్పు

ఇక్కడ మనం నిజం చెప్పుకోవాలె. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో రికార్డులు ఆగమైనయన్నది వాస్తవమే. కానీ 2017 సెప్టెంబరులో మొదలైన రికార్డుల ప్రక్షాళన, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి మనం తెచ్చుకున్న రాష్ట్రంలోనే జరిగినయి. అనుభవదారు కాలమ్ తీసేసిండ్రు. అంటే, దున్నేటోళ్లు ఎవరన్న ప్రశ్ననే కాయితంలకెళ్లి తీసేసిండ్రు. తప్పు దిద్దుమంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నరు. రెండెకరాల రైతుకు కోర్టు ఫీజు ఎక్కడిది?

భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. తహసీల్దారు మీద ఆర్డీవోకు, ఆర్డీవో మీద కలెక్టరుకు అప్పీలు చేసుకునే తొవ్వ దొరికింది. మంచిదే. కానీ అప్పీలుకు ఆధారం కావాలె. ఆ ఆధారం పాత పుస్తకాలలో ఉన్నది, ఆ పుస్తకాలు ఏటేటా చెదలపాలు అవుతున్నయి. పేరు మారినంత మాత్రాన పోర్టలు న్యాయం చెయ్యదు.

మనం చెయ్యవలసింది

ఊరికి ఐదుగురు కావాలె. ఇద్దరు విద్యార్థులు, ఒక టీచరు, రెవెన్యూల పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి, ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దమనిషి. ముందుగాల సేత్వార్, ఖాస్రా పహాణీ, ఊరి నక్షా నకళ్లు తియ్యాలె. నోటిమాటతో అడగొద్దు, రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలె. ఇయ్యకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలె. 30 రోజులల్ల జవాబు రావాలె. రికార్డును కండ్లతో చూసే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నది. "రికార్డు లేదు" అంటే ఆ మాటనే సంతకంతో రాసియ్యమనాలె. అది కూడా రేపటికి ఆధారమే.

తర్వాత ఒక్కొక్క సర్వే నంబరుకు బై నంబర్లు కూడాలె. 40 గుంటలకు ఎకరం. మొత్తం సేత్వార్ లెక్కతో సరిపోకపోతే ఎక్కడ తప్పిందో ఏడాదికేడాది వెనుకకు పోవాలె. గైరాన్, శిఖం, ఖారిజ్ ఖాతా, సర్కారీ అని రాసిన నంబర్లను వేరే కాయితం మీద రాసి గ్రామసభల చదవాలె. ఊరుమ్మడి భూమి ఎవరి పేరు మీదికి పోయిందో ఊరందరికీ తెలిసిననాడు దాన్ని మింగుడు కష్టమైతది.

ఒక్క హెచ్చరిక. ఈ విద్య బ్రోకర్లకు ఇప్పటికే వచ్చు. వాళ్లు కాయితంలో సందు వెతికేది కొనుడుకు, బెదిరించుడుకు. మనం వెతికేది నిలబెట్టుడుకు. ఎవరి కాయితం చూసినా ముందు వాళ్లకే చదివి వినిపియ్యాలె.

రాష్ట్రం కోసం నడిచినోళ్లం, తహసీలు దాకా నడువలేమా? ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు జమ్మి ఆకు ఇచ్చి పెద్దల కాళ్లకు మొక్కి, వాళ్లను ఒక్కటి అడుగుండ్రి. మన సర్వే నంబరు ఎంత అని. పని అక్కడి నుంచి మొదలైతది.

జై తెలంగాణ.