భూమి పోయేటప్పుడు కౌలు రైతు, కూలీ ఏ జాబితాలో ఉన్నారు?

(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పట్టణీకరణ, పారిశ్రామికీకరణ, అభివృద్ధి అని నాకు అంశం ఇచ్చారు. రోజంతా మాట్లాడినా తరగని అంశం. అందుకని అందులో ఒక్క విషయమే పట్టుకుంటాను. ఫ్యాక్టరీకో, నగరానికో భూమి పోయేటప్పుడు ఎవరి పేరు రాస్తున్నారు, ఎవరి పేరు వదిలేస్తున్నారు అన్నదే ఆ విషయం.

ముందుగా ఒకటి స్పష్టం చేసుకుందాం. పరిశ్రమలకు మనం వ్యతిరేకం కాదు. రెండెకరాల మీద ముగ్గురు అన్నదమ్ములు బతకలేరని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఒకడు ఫ్యాక్టరీకి, ఒకడు పట్నానికి పోతేనే మూడోవాడి సేద్యం నిలబడుతుంది. విశాఖ ఉక్కు కోసం 1966లో ప్రాణాలిచ్చింది మన జనమే. ఆ ఫ్యాక్టరీ వచ్చాక గాజువాక పెరిగింది, వేల కుటుంబాల పిల్లలు పెద్ద చదువులు చదివారు. అదే ఫ్యాక్టరీకి ఊళ్లు ఖాళీ చేసి ఆర్ కార్డులు పట్టుకున్న నిర్వాసితుల్లో వేలమంది ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయ్యారు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచడం మనకు తగదు.

ఇప్పుడు దేశం లెక్క చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో జాతీయ ఆదాయంలో వ్యవసాయం వాటా సగం దాకా ఉండేది. ఇప్పుడు అయిదో వంతుకు పడిపోయింది. మరి మనుషులు? కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 2018-19లో పనిచేసేవాళ్లలో 42.5 శాతం మంది వ్యవసాయంలో ఉన్నారు. 2023-24 నాటికి అది 46.1 శాతం. తగ్గాల్సింది పెరిగింది. అంటే ఊరి భూమి పట్నానికి పోతోంది గానీ ఊరి మనిషికి పట్నంలో చోటు దొరకడం లేదు.

ఆ మనుషుల్లో ఎక్కువమంది ఎవరు? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులు సుమారు 65 లక్షలు, వ్యవసాయ కూలీలు సుమారు కోటీ 70 లక్షలు. భూసేకరణ అనగానే మనం ఎకరాకు ఎంత అని అడుగుతాం. న్యాయమైన ప్రశ్నే. కానీ పొలం మీద బతికే వాళ్లలో ఎక్కువమందికి ఆ ప్రశ్నతో సంబంధమే లేదు.

అమరావతి సంగతి తీసుకుందాం. 2015లో భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. పట్టాదారుకు ఎకరాకు 1000 గజాల నివాస స్థలం, దానికి తోడు వాణిజ్య స్థలం. పదేళ్లపాటు ఏటా కౌలు: మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏడాదికి 10 శాతం పెంపు. మధ్యలో రాజధాని అటూఇటూ అయి ఆ రైతులు పడ్డ కష్టం మీ అందరికీ తెలుసు. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

కూలీ కుటుంబానికి ఏమిచ్చారు? నెలకు 2,500 రూపాయల పింఛను. రోజు కూలి 250 అనుకున్నా పది రోజుల కూలి. కృష్ణ ఒడ్డు జరీబు అంటే మూడు పంటలు, అరటి, కూరగాయలు, పూలు. అక్కడ పనిలేని నెల అరుదు. ఆ పని పోయాక ఆడవాళ్లు ఆటోలెక్కి దూరపు ఊళ్లకు మిరపకోతలకు పోవాల్సి వచ్చింది. రైతు కౌలుకు ఏటా పెంపు రాశారు, కూలీ పింఛనుకు రాయలేదు. 5 వేలు చేస్తామన్న ప్రకటన ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

ఇక కౌలు రైతు. ఆ పథకంలో కౌలుదారుగా ఆయనకు స్థలం గానీ, ఏటా కౌలు గానీ లేవు. పట్టాదారు సంతకం పెట్టాడు, కౌలుదారు పొలం దిగిపోయాడు.

ఇది చట్టంలో లోపమా? కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో సెక్షన్‌లో బాధిత కుటుంబం ఎవరో రాసి ఉంది. భూమి లేకపోయినా సరే, అంతకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ, ఆ పనే ప్రధాన ఆధారంగా ఉన్న కూలీలు, కౌలుదార్లు, పాలికాపులు, చేతివృత్తులవాళ్లు అందరూ బాధితులే. పునరావాసం కింద ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేలు. అమరావతిలో జరిగింది సేకరణ కాదు, సమీకరణ. ఇష్టపడి ఇచ్చారు కాబట్టి పునరావాసం మాట రాదన్నది వాదన. ఇష్టం ఎవరిది? పట్టాదారుది. కౌలుదారును అడిగినవాళ్లు లేరు.

ఈ వాదన ఒకచోట కోర్టులో దెబ్బతింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో జీవో 123 తెచ్చి, చట్టంతో పనిలేకుండా నేరుగా భూములు కొనడం మొదలుపెట్టింది. జహీరాబాద్ పారిశ్రామిక మండలి కింద పోతున్న ఊళ్ల వ్యవసాయ కూలీలు హైకోర్టుకు వెళ్లారు. భూమి అమ్మినవాడికి డబ్బు వచ్చింది, మా పని సంగతేమిటి అని అడిగారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ఆ తర్వాతే కూలీలకు ప్రయోజనాలిస్తామంటూ ప్రభుత్వం వేరే ఉత్తర్వులు తేవాల్సి వచ్చింది. సెంటు భూమి లేనివాళ్లు వేసిన కేసది. మన సంఘాల్లో దాని గురించి తగినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

ఆ తర్వాత దారి ఇంకా ఇరుకైంది. రెండు రాష్ట్రాలూ చట్టానికి సవరణలు చేసి, పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ మదింపు అక్కర్లేకుండా మినహాయించే వీలు పెట్టుకున్నాయి. మదింపు అంటే ఏదో కాగితాల తతంగం అనుకోవద్దు. ఊళ్లో భూమిలేని కుటుంబాలు ఎన్ని నష్టపోతాయో అందరిముందూ మొదటిసారి లెక్క తేలేది అక్కడే. అది తీసేస్తే మిగిలేది 16వ సెక్షన్ కింద అధికారులు చేసే సర్వే. దాని మీద పెట్టే బహిరంగ విచారణ కూడా చేజారితే ఇక పేరు ఎక్కించుకోవడం చాలా కష్టం.

అయితే పేరు ఎక్కడానికి రుజువు కావాలి కదా. చిక్కంతా అక్కడే ఉంది. చట్టం మూడేళ్లు పనిచేసినట్టు చూపమంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే. ఏటా కొత్తగా తీసుకోవాలి, ఏటా పట్టాదారు సంతకం కావాలి. ఒక్క ఏడాది సంతకం పెట్టకపోతే మూడేళ్ల వరుస తెగిపోయింది. బ్యాంకు అప్పు రాదని, పంట నష్టం డబ్బు రాదని ఈ కార్డు కోసం కొట్లాడుతున్నాం. భూమి పోయే రోజున కూడా ఇదే కాగితం అడుగుతారని కౌలు రైతులకు మనం చెప్పడం లేదు.

కాబట్టి ప్రతి గ్రామ కమిటీ ఇప్పుడే ఒక రిజిస్టరు పెట్టాలి. నోటిఫికేషన్ వచ్చాక కాదు. ఏ సర్వే నంబరు ఎవరు ఎన్నేళ్లుగా కౌలుకు చేస్తున్నారో రాయండి. కార్డు ఉంటే దాని నకలు, లేకపోతే సాగుదారు పేరుతో ఈ-పంట నమోదు, ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు జతచేయండి. కూలీ కుటుంబాలకు జాబ్ కార్డు, రేషన్ కార్డు, ఏ రైతుల దగ్గర పనిచేస్తున్నారో వాళ్ల చేత రాయించిన కాగితం. ఇవన్నీ అధికారులు ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వను. విచారణ రోజున చేతిలో ఏమీ లేకుండా నిలబడటం కంటే మేలు.

చివరగా మనలోని మాట. సంతకం పెట్టని పట్టాదారులు ఎక్కడో లేరు. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలోనూ కౌలుకిచ్చినవాళ్లున్నారు. సంతకం పెడితే భూమి పోతుందని భయం. 2019 చట్టం కౌలుదారుకు పంట మీదే హక్కు ఇచ్చింది, భూమి మీద కాదు. ఆ చట్టం ప్రతి బయట బల్ల మీద ఉంది, వెళ్లేటప్పుడు తీసుకోండి. వచ్చే నెల మండల కమిటీకి వచ్చేటప్పుడు ఊరి రిజిస్టరుతో పాటు, కౌలుకిచ్చిన మన సభ్యుల్లో ఎంతమంది సంతకం పెట్టారో ఆ అంకె కూడా తీసుకురండి.