బిసెంటమ్మ వ్రాసుకొన్న కథ

మదనపల్లెలో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాల నేటికిని అనీ బిసెంటు పేరు ధరించియున్నది. ఆ పేరు వినగానే మన కన్నులకు కట్టునది తెల్లని చీర, నెరసిన జుట్టు, హోంరూలు ఉద్యమము, 1917లో కలకత్తా కాంగ్రెసు అధ్యక్షపీఠము. మనవారు ఆమెను బిసెంటమ్మ అనియే పిలుచుకొన్నారు. ఆ అమ్మకు ఇంగ్లండులో కన్నబిడ్డలు ఇద్దరు ఉన్నారనియు, ఆమె వ్రాతలను తప్పుపట్టి ఒక న్యాయమూర్తి ఆమె ఒడిలోనుండి కుమార్తెను తీసివేయించినాడనియు ఎరిగినవారు తక్కువ. ఆ కథను ఆమెయే చెప్పుకొన్నది. ఆమె ఆత్మకథ 1893లో లండనులో ప్రకటితమైనది. ఆ యేడు నవంబరులోనే ఆమె మొదటిసారిగా మన దేశమున అడుగుపెట్టినది. నేడు నేను ముచ్చటింపబోవునది ఆ గ్రంథమును గురించియే. అందులోని చివరి ప్రకరణములు ఆమె మతాన్వేషణకు సంబంధించినవి. వానిని ఆ మార్గమువారికే విడిచిపెట్టుచున్నాను.

ఆమె 1847లో లండనులో పుట్టినది. అయిదేండ్లకే తండ్రి పోయినాడు. ఇరువదేండ్ల వయస్సున, 1867 డిసెంబరులో, ఫ్రాంక్ బిసెంటు అను క్రైస్తవ మతాచార్యునితో వివాహము జరిగినది. 1869లో కుమారుడు డిగ్బీ, మరుసటి యేడు కుమార్తె మేబెల్ కలిగినారు. సంసారమన నేమో తెలియకయే సంసారములో ప్రవేశించితినని ఆమె స్పష్టముగా ఒప్పుకొన్నది. మన ముత్తవ్వలు ఈ మాట వినియుండినచో ఆశ్చర్యపడెడివారు కారు.

పెండ్లియైన క్రొత్తలో, ఇంటిపనికి తీరిక చిక్కినప్పుడెల్ల, ఆమె చిన్న కథలు వ్రాసి ఒక వారపత్రికకు పంపినది. ఒకనాడు టపాలో ముప్పది షిల్లింగుల చెక్కు వచ్చినది. పుట్టి బుద్ధెరిగిన తరువాత తాను సంపాదించిన మొదటి సొమ్ము! ఆమె కన్నీరు పెట్టుకొని, మోకరిల్లి, భగవంతునికి కృతజ్ఞత చెప్పుకొన్నది. నాది అని చెప్పుకొని ఒకరి చేతిలో పెట్టగల వస్తువు ఒకటి ఉన్నదన్నదే ఆమె ఆనందము. ఆ ముప్పది షిల్లింగులు తనవి కావని ఆమెకు తరువాత తెలిసినది. వివాహిత ఆర్జించిన ప్రతి కాసును ఆనాటి ఇంగ్లీషు చట్టము ప్రకారము భర్తకే చెందును. 1870లో గాని ఆ నియమము సడలలేదు. మనము వారిని చూచి నవ్వుకొనుటకు వీలులేదు. స్త్రీ శిల్పవిద్యచేత ఆర్జించిన ధనముపై భర్తకే స్వామ్యమని కాత్యాయనస్మృతి కూడ చెప్పియున్నది.

1871లో పసిబిడ్డ మేబెల్‌కు కోరింతదగ్గు వచ్చినది. ఆ ఘట్టమును ఆమె వ్రాసిన తీరు చదివినవారు మరువలేరు. బిడ్డ మంచము చుట్టును గుడ్డతో గుడారమువలె కట్టి, ఊపిరి సులువుగా ఆడుటకై లోపల నీటియావిరి నింపి, ఆ గుడారములో బిడ్డను ఒడిలో పెట్టుకొని తల్లి రాత్రింబగళ్లు వారములతరబడి కూర్చున్నది. గుక్క తిప్పుకొనలేని దగ్గుతెర వచ్చినప్పుడు చేతిరుమాలుపై ఒక చుక్క క్లోరోఫారము వేసి ముఖము దగ్గర పట్టుట వైద్యుని ఏర్పాటు. బిడ్డ బ్రతికినది. తల్లి విశ్వాసము మాత్రము చెదరినది. పాపమెరుగని శిశువును ఇంత హింసించు దేవుడు ఎట్టివాడను ప్రశ్న ఆమెను మరి విడువలేదు. మతాచార్యుని భార్యకు ఇట్టి ప్రశ్న పుట్టుట చిన్న విషయము కాదు గదా!

ఆ సందేహములలోనుండియే ఆమె మొదటి మతవిమర్శ పుట్టినది. క్రీస్తు దైవత్వమును చర్చించిన ఆ చిన్న పొత్తముపై 1873లో ఆమె పేరు లేదు. ఒక మతాచార్యుని భార్య వ్రాసినదని మాత్రమే ఉన్నది. సొంత అభిప్రాయమును ప్రకటించుటకు సొంత పేరు లేక, ఏ ఉద్యోగమును ఆ అభిప్రాయము ఎదిరించుచున్నదో ఆ ఉద్యోగమునే అడ్డుపెట్టుకొన్నది. ఆ యేడే భర్త తేల్చి చెప్పినాడు: చర్చిలో ప్రసాదము స్వీకరించి అందరివలె ఉండుము, లేదా ఇల్లు విడిచి పొమ్ము. ఆమె ఇల్లు విడిచినది.

విడాకులు దొరకు మార్గము లేదు. 1857నాటి చట్టమును అనుసరించి భార్య వ్యభిచరించినదని రుజువైన చాలును, భర్తకు విడాకులు లభించును. భార్యకో, భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో పరిత్యాగమో కూడ రుజువు కావలెను. మన దేశములోని క్రైస్తవులకు 1869లో చేసిన చట్టము ఈ భేదమును అటులనే దింపుకొన్నది. అది 2001 వరకు తొలగలేదు. కనుక ఆ దంపతులు వేరుగా నుండుటకు ఒక దస్తావేజు వ్రాసుకొన్నారు. కుమారుడు తండ్రి దగ్గర, కుమార్తె తల్లి దగ్గర. తల్లికి బిడ్డపై ఈపాటి హక్కైనను కలుగుట వెనుక మరియొక రచయిత్రి కష్టమున్నది. 1836లో కెరొలైన్ నార్టన్ అను ఆమె ముగ్గురు కొడుకులను భర్త తీసికొనిపోగా, ఆమె కరపత్రములు వ్రాసి, ఒకదానిని పురుషుని పేరుతో ప్రకటించి పోరాడినది. ఏడేండ్లలోపు బిడ్డలకై తల్లి న్యాయస్థానమును అర్థించుటకు వీలిచ్చిన తొలి చట్టము 1839లో వచ్చినది.

ఆ తరువాత బిసెంటమ్మ కుట్టుపని చేసినది, ఒక ఇంట వంటచేసి పిల్లలకు చదువు చెప్పినది. బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమునకు పోవు దినములలో పట్నములోనే భోజనము చేసెదనని ఇంట చెప్పెడిది. ఆ భోజనము మాత్రము ఉండెడిది కాదు. 1874లో చార్లెస్ బ్రాడ్లా నడుపు పత్రికలో వారమునకు ఒక గినీ జీతముపై ఉద్యోగము దొరికినది. కలము అన్నము పెట్టుట ఆరంభించినది.

ఆ కలమే బిడ్డను పోగొట్టినది. 1877లో ఆమెయు బ్రాడ్లాయు సంతాననిరోధమును గురించిన ఒక పాత వైద్యగ్రంథమును పునర్ముద్రించినందుకు వారిపై అభియోగము నడచినది. ఆమె తన కేసు తానే వాదించుకొన్నది. ఆరుమాసముల ఖైదు, రెండువందల పౌనుల జుల్మానా అని శిక్ష పడినది. 1878లో అది అప్పీలులో సాంకేతిక కారణముచేత కొట్టివేయబడినది. కాని ఈలోగా భర్త కుమార్తెకై వ్యాజ్యము తెచ్చినాడు. బిడ్డకు తిండి పెట్టలేదనియో కొట్టినదనియో కాదు వాదము. తల్లి నాస్తికురాలు, అట్టి గ్రంథములు వ్రాయును, ప్రకటించును, అని. న్యాయమూర్తి సర్ జార్జి జెస్సెల్ ఆ వాదమును అంగీకరించినాడు. 1878 మే మాసములో, ఎనిమిదేండ్లు నిండని మేబెల్‌ను కొనిపోవుటకు మనిషి వచ్చినాడు. బిడ్డ కేకలు వేసి పెనుగులాడినది. తల్లి జ్వరముతో మంచము పట్టినది.

ఇచట ఆమె చూపిన ఒక న్యాయవైచిత్రిని చెప్పవలెను. ఆ దస్తావేజులో బిడ్డను తల్లికి ఇచ్చిన భాగము చెల్లదని న్యాయస్థానము త్రోసివేసినది. తల్లి విడాకులకు దావా వేయబోగా, ఆ దస్తావేజే అడ్డమని చెప్పినారు. ఒకే కాగితము భర్తకు చెల్లినది, భార్యకు చెల్లలేదు. ఆమె దీనిపై పెద్ద వ్యాఖ్య చేయలేదు. జరిగినది జరిగినట్లు వరుసగా పెట్టినది.

బిడ్డలను అప్పుడప్పుడు చూచుటకు అనుమతి దొరికినది. కాని ప్రతి కలయిక తరువాతను వారు నలిగిపోవుట చూచి, వారు పెద్దవారై తమంత తాము నిర్ణయించుకొనువరకు చూడను, ఉత్తరము వ్రాయను అని ఆమె నిశ్చయించుకొన్నది. మొదటిసారి చదివినప్పుడు ఈ నిశ్చయము నాకు కఠినముగా తోచినది. తల్లియగునామె ఇట్లు తలుపు మూసికొనవచ్చునా? రెండవసారి చదివినప్పుడు, తలుపు మూసినది ఆమెయా అని సందేహము కలిగినది. ఏ సమాధానమును నన్ను పూర్తిగా తృప్తిపరుపలేదు. యుక్తవయస్సు రాగానే కుమారుడును కుమార్తెయు తల్లి దగ్గరకు వచ్చినారు.

ఇంత జరిగినను, ఆత్మకథలో భర్తపై కసి లేదు. ఆ పుస్తకము వెలువడునాటికి ఆయన బ్రతికియే యున్నాడు. 1917లో గాని పోలేదు. ఆయన తప్పులతోపాటు తన అజ్ఞానమును, తన మొండితనమును కూడ ఆమె వ్రాసికొన్నది. ఒండొరులకు తగని ఇద్దరు మనుష్యులు అన్నట్లే చెప్పినది. పత్రికలును న్యాయస్థానములును పదియేండ్లకు పైగా ఆమెను గురించి తమ తమ కథలు చెప్పినవి: చెడిన భార్య, తగని తల్లి. మతాచార్యుని భార్య అన్న ముసుగు వెనుకనుండి మొదలుపెట్టిన స్త్రీ, ఇరువదేండ్ల పిదప, తన పేరు పెట్టి, నేను అని చెప్పి, ఆ కథలకు సమాధానము వ్రాసినది. ఆమె విడాకులు పొందలేదు. బిడ్డల బాల్యము తిరిగి రాలేదు. తన జీవితమును చెప్పు అధికారము మాత్రము తన చేతికి వచ్చినది.

ఇక కథ మన ప్రాంతమునకు వచ్చును. ఇది ఆత్మకథలో లేదు. 1910లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికిని, అతని తమ్ముడు నిత్యానందునికిని ఆమెను సంరక్షకురాలిగా తండ్రి నారాయణయ్యగారు అంగీకరించినారు. రెండేండ్లకే మనస్సు మార్చుకొని, 1912లో కొడుకులను తిరిగి ఇమ్మని దావా వేసినారు. ఆయన పక్షమున వాదించినది సర్ సి. పి. రామస్వామి అయ్యరు, కొంతకాలమునకే ఆయన హోంరూలు ఉద్యమములో ఆమె సహచరుడైనాడు. మద్రాసు హైకోర్టులో బిసెంటమ్మ మరల తన కేసు తానే వాదించుకొన్నది. 1878లో తనపై ప్రయోగింపబడిన తండ్రిహక్కును ఇప్పుడు ఆమె మరియొక తండ్రికి ఎదురుగా నిలిచి త్రోసిపుచ్చవలసి వచ్చినది. 1913లో మద్రాసు తీర్పు తండ్రి వైపు వచ్చినది. 1914 మే మాసములో లండనులోని ప్రివీ కౌన్సిలు దానిని రద్దుచేసినది. బాలురు ఇంగ్లండులో ఉన్నారు, వారి అభిప్రాయమును ఎవరును అడుగలేదు, అన్నది. నారాయణయ్యగారు రిక్తహస్తములతో మిగిలినారు.

ఆ బాలురను కన్నతల్లి సంజీవమ్మ 1905లోనే గతించినది.