పెరటిలో ఒక బలుసు పొద

(వజ్రకరూరులో పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘానికి వస్తే మాట్లాడేది వెన్న శాతం, కొలతలు, పుస్తకాలు, బకాయిల గురించే. ఈ రోజు వాటిని పక్కనబెట్టి ఒక ముళ్లపొద గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. అది బలుసు. "బతికుంటే బలుసాకు తినవచ్చు" అన్న సామెత వినని వారు ఇక్కడ ఉండరు. ఐతే ఆ చెట్టును చూపించమంటే పడుచువారిలో చాలామంది తడుముకుంటారు.

ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నామో చెబుతాము. కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో అందరికంటే ఎక్కువ పాలు పోసిన సభ్యురాలికి శాలువా కప్పి గౌరవించాము. మరునాడు ఆమె పశువులను చూడడానికి ఇంటికి వెళ్లాము. మాకు పాలు పోసిన టీ ఇచ్చారు. అరుగు మీద పిల్లలు మాత్రం ఉత్త డికాషన్ తాగుతున్నారు. అడిగితే ఆ ఇంటి అవ్వ అన్నది: "పాలన్నీ కేంద్రానికే పాయె సారూ. పిల్లోళ్లకు యాడ మిగుల్తాయి? ముందు ఆకూ అలమా అయినా దొరుకుతాండె. ఇప్పుడు అదీ కొనాల్సిందే." ఎక్కువ పోయండి అని సభసభలో చెప్పినది మేమే. ఇంటికి కాసిన్ని ఉంచుకోండి అని ఏనాడూ చెప్పలేదు. ఆ తప్పు మాది.

మనది రెండు వానలకూ దూరమైన నేల. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యపు వాన కోస్తా నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. వేరుశనగ ఎండిన ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి. ఆ ఏడే పెరటి కూరగాయలు ముందుగా వాడిపోతాయి. బలుసు అలా కాదు. మన గుట్టల్లో, ఎర్రనేలల్లో తనంతట తాను పుట్టిన పొద. ఇప్పుడు పొలాల చదునులో, సర్కారు తుమ్మ కమ్ముకున్న చోట్ల అది కనుమరుగవుతున్నది. కావున అడవిలో వెతుక్కునేదాన్ని ఇంట్లో పెంచుకోవడం మంచిది.

ముందు గుర్తుపట్టాలి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఆ జంటకు కాస్త పైన రెండు ముళ్లు, అవీ ఎదురెదురుగానే. పూలు చిన్నవి. కాయలు పండితే పసుపురంగుకు తిరుగుతాయి, లోపల రెండు గింజలు. తెలియని పొద ఆకు ఎవరూ వండవద్దు. ఊళ్లో పెద్దవాళ్లకు చూపించి, వాళ్లు ఔనన్న తర్వాతే తెచ్చుకోండి.

పెంపకం కష్టం కాదు, ఓపిక కావాలి. బాగా పండిన కాయల గుజ్జు కడిగి గింజలను వెంటనే విత్తండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పేడ ఎరువు కలిపి పాత డబ్బాలోనో సంచిలోనో నింపి, అడుగున చిల్లులు పెట్టండి. మొలక ఆలస్యమైతే తొందరపడి పారవేయవద్దు. మొక్క జానెడు దాటి గట్టిపడ్డాక, పుబ్బ, ఉత్తర కార్తెల వానలకు అడుగు లోతు గుంటలో నాటండి. చుట్టూ కంప నాటడం మరువవద్దు, మేకలు దీని చిగుళ్లను బతకనీయవు. మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలి. పాలబిందెను సోడా వేయకముందు తొలిసారి కడిగిన నీళ్లు వృథాగా పోనీయక మొక్కకు పోయండి. పశుగ్రాసపు మడి గట్టున రెండు మూడు అడుగుల ఎడంతో వరుసగా నాటితే నాలుగైదేళ్లలో ముళ్లకంచె కూడా అవుతుంది.

పొద పెరిగిన తర్వాత రొమ్ము ఎత్తులో కత్తిరిస్తుంటే వానకు లేత చిగుళ్లు వస్తాయి. లేతవే కోయండి, ఒక్కసారే మోడు చేయవద్దు. కందిపప్పులో వేసి వండితే సంగటిలోకి కమ్మగా ఉంటుంది. వడ్డించేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పండ్లను పిల్లలే వెతుక్కుని తింటారు.

ఐతే ఒక మాట. ఆకు పాలకు బదులు కాదు. బలుసు నాటుకున్నాము కదా అని పాలన్నీ కేంద్రానికే పోయకండి. పిల్లలకు ఒక్కొక్క గ్లాసు తీసిపెట్టిన తర్వాతే బిందె ఎత్తండి. సంఘం పోత తగ్గుతుందేమోనని కార్యదర్శిగారు మా వైపు చూస్తున్నారు! నాలుగు లీటర్లు తగ్గితే తగ్గనీయండి. సంఘం పెట్టుకున్నది ఇల్లు బాగుండడానికే.

తొలకరి పడగానే వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో మన చేలలోకి వస్తారు. దొరికేది ఏ ఒక్కరికో. ఆ వానకే బలుసు చిగురిస్తుంది, అది నాటుకున్న ప్రతి ఇంటికీ దొరుకుతుంది. కరవు వచ్చినప్పుడు నాటితే పనికిరాదు, ఇప్పుడే నాటాలి. వచ్చే తనిఖీకి పుస్తకాలతోపాటు మీ పెరళ్లు కూడా చూస్తామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.