ఇంటర్‌లో మార్కులు తక్కువొచ్చినోళ్లతోని నాలుగు మాటలు
(చేవెళ్లలో గిరిజన విద్యార్థులతో మాట్లాడిన మాటల పాఠం)



మొయినాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ గుడి మీకు తెలుసు. అమెరికా వీసా కోసం పిల్లలు 11 ప్రదక్షిణలు, వచ్చినంక 108 చేస్తరు. ఆ అమెరికాలో, కాలిఫోర్నియాలో, హైస్కూల్ మార్కులు బాగా రాని పిల్లగాడు కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు గట్టిగ చదివి, ఆ మార్కులతోని బర్క్‌లీ లాంటి యూనివర్సిటీకి మారొచ్చు. మన దగ్గర అట్ల మధ్యలో మారే తొవ్వ దాదాపు లేదు. దోస్త్‌లో ఇంటర్ మార్కులు చూసి సీటిస్తరు. తక్కువొచ్చినోనికి మిగిలిన కాలేజీ, మిగిలిన గ్రూపు.

ఆ మార్కులు ఎందుకు తక్కువొచ్చినయో ఎవరూ అడగరు. అమ్మానాయిన పట్నంలో బిల్డింగ్ పనికి పోతే, తండాలో చిన్నోళ్లను చూసుకుంట చదివిన పిల్ల మెమోలో ఆ సంగతి రాసి ఉండదు.

అయితే ఆ మెమోను అడగని తలుపులు కొన్ని ఉన్నయి. పాలిటెక్నిక్ చేసినోళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఎంసెట్‌లో ఇంటర్‌కు ఇచ్చే 25 శాతం వెయిటేజీని కూడా 2023లో తీసేసిన్రు. గ్రూపు సబ్జెక్టుల్లో మన పిల్లలకు 40 శాతం మాత్రం కావాలె.

నేను గట్టిగ చెప్పదలుచుకున్నది గచ్చిబౌలి గురించి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో వచ్చింది, అదీ ఆరు సూత్రాల పథకం కింద, ఈ ప్రాంతపు చదువుల కొట్లాట నడుమ. మొయినాబాద్ నుంచి ముప్పై కిలోమీటర్లకు మించదు. మన పిల్లలు దాని గేటు ముందు నుంచి బస్సుల పోతరు, లోపలికి పోరు. అక్కడ ఎంఏ, ఎమ్మెస్సీ సీటుకు చూసేది సీయూఈటీ పీజీ స్కోరు. కొన్ని కోర్సులకు ఇంటర్వ్యూ ఉంటది. డిగ్రీ ఏ కాలేజీలో చేసినవన్నది పెద్ద లెక్కలోకి రాదు. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు 2006 చట్టం ఇచ్చిన హక్కు. ఎవరి దయా కాదు.

పరీక్షలో 75 ప్రశ్నలు. సరైనదానికి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి పోతది. గుడ్డిగ గీకొద్దు.

ఇక్కడొక అన్యాయం ఉంది, ఉద్యమం పట్టించుకోవాల్సింది. డిగ్రీ సీట్ల సీయూఈటీ తెలుగులో రాయొచ్చు, 13 భాషల్లో పెడుతున్నరు. పీజీది మాత్రం భాషా సబ్జెక్టులు తీసేస్తే ఇంగ్లిష్, హిందీలోనే. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన లంబాడా పిల్లకు ఇంట్ల గోర్ బోలి, బడిల తెలుగు, పరీక్షల ఇంగ్లిష్. మూడో భాషల పోటీ పడమంటున్నరు! పీజీ పేపర్ తెలుగులో కావాలని యూజీసీకి, ఎన్‌టీఏకు మనం రాయాలె.

అది వచ్చేదాకా ఆగేది లేదు. దరఖాస్తులు డిసెంబరు, జనవరిలోనే మొదలైతయి, పరీక్ష మార్చిలో. ఫైనలియర్ రిజల్ట్ కోసం కూసుంటే ఏడాది పోతది. కుల ధ్రువీకరణ పత్రం మీసేవలో ఇప్పుడే తీసుకోండి, పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటే ఉన్నయా చూసుకోండి. పేర్లలో నాయక్ ఒక కాడ ఉండి ఒక కాడ లేక ఆగిపోయిన ఫారాలు ఎన్నో.

ఫైనలియర్‌లో ఉన్నోళ్లు పోయే ముందు ఈ రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్, ఏ సబ్జెక్టో రాసిపోండి. ఇంగ్లిష్ అంటే భయమున్నోళ్లు పేరు పక్కన ఒక గీత పెట్టండి, వాళ్ల క్లాసు ముందు మొదలుపెడతం.