మందును మంచి బూజును: వేరుసెనగ చేనికి రెండు రక్షలు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పావగడ ప్రాంతపు ఎఱ్ఱనేలలలో తరతరములుగా వేరుసెనగ పండించుచున్న కుటుంబములవారు ఈ సభలో పెక్కురున్నారు. కావున నేడు చేనికి సంబంధించిన విషయమునొకదానిని మనవి చేయుచున్నాము.

ఊడలు దిగు వేళ పచ్చని మొక్క ఉన్నట్లుండి వాడిపోవుట మీరందఱు చూచినదే. పెరికి చూచినచో మొదట తెల్లని దారములవంటి బూజును, దానిపై ఆవగింజలంతేసి గోధుమరంగు గుండ్లును కానవచ్చును. స్క్లెరోషియం రాల్ఫ్సియై అను శిలీంధ్రము కలిగించు కాండము కుళ్ళు తెగులు ఇదియే. ఆ గుండ్లు నేలలో ఏండ్ల తరబడి బ్రతికియుండును. విత్తనమునకు పట్టించిన మందు లేతమొలకను కాపాడునేగాని, అటుపిమ్మట నేలలో మేల్కొను శత్రువును చేరజాలదు.

ఆ పనికి తగినది ట్రైకోడెర్మా. ఇదియు శిలీంధ్రమే, అయినను మేలుచేయునది. ఇది ఇతర శిలీంధ్రములపై బడి వానిని తిని బ్రతుకునని 1932లో వైండ్లింగ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. శత్రువు దారములను చుట్టుకొని, వాని గోడలను కరగించు రసములను ఇది స్రవించును.

మందును, ఈ జీవియు కలిసి పనిచేయగలవా? 1951లో బ్లిస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధన ఇందుకు చక్కని సమాధానము. కాలిఫోర్నియా నారింజతోటలలో వేళ్ళను కుళ్ళించు ఆర్మిలేరియాపై కార్బన్ డైసల్ఫైడు ఆవిరిని ప్రయోగించిరి. సహజమైన మట్టిలో శత్రువు చచ్చెను. సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేసిన మట్టిలో అదే ఆవిరికి చావలేదు. అనగా మందు నడుము విఱుగగొట్టగా, ఆ మందునకు ఓర్చుకొనిన ట్రైకోడెర్మా మిగిలిన పని ముగించినది.

అయితే ప్రతి మందునకును ఇది ఓర్చుకొనదు. ఈ సత్యమును మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఒక ఏడు కార్బెండజిమును, ట్రైకోడెర్మా పొడిని ఒకే తొట్టిలో కలిపి గింజలకు పట్టించితిమి. రెండింటికిని వెల చెల్లించితిమి. ఒకదాని ఫలమే దక్కెను. ఊడల వేళ చేను అక్కడక్కడ మాడిపోయెను. కార్బెండజిము స్వల్ప మోతాదులోనే ట్రైకోడెర్మాను అణచివేయును. మాంకోజెబునకు అది చాలవఱకు తట్టుకొనును. పొట్లముపైని సన్నని అక్షరములు చదువక, కార్యాలయపు భాషలో అడుగుటకు మొగమాటపడి చేసిన తప్పిది.

కావున ఇట్లు చేయుదము. కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబు పట్టించి విత్తవలెను. ట్రైకోడెర్మాను వేఱుగా, ఎరువు ద్వారా నేలకు అందింపవలెను. ఎకరమునకు 2 కిలోల పొడిని, 90 కిలోల చివికిన పశువుల ఎరువుతోను, 10 కిలోల వేపపిండితోను కలిపి, నీరు చిలుకరించి, నీడలో గోనెలు కప్పి వారము పది దినములు ఉంచవలెను. బూజు బాగుగా అల్లుకొనిన పిదప తడినేలపై చల్లవలెను. పొడి నేలలో అది సరిగా పెరుగదు. పొట్లమును ఎండలో నుంచరాదు. గడువు దాటినది కొనరాదు. అందున్నది జీవమని మఱువరాదు.

చివరగా పిల్లలకొక మనవి. మీరు బడిలో ఈ రాష్ట్రభాషను, ఆంగ్లమును నేర్చితిరి. మందు పొట్లము ఇంటికి వచ్చిననాడు దానిపై వ్రాతను మీ తాతలకు తెలుగున చదివి వినిపింపుడు. ఒక చేను నిలుచును.