ఎర్రచందనం నమూనా మన కళ్లముందే తీయాలి
(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లో పట్టా భూముల్లో ఎర్రచందనం పెంచుకున్న మనల్ని ఒక ప్రశ్న వెంటాడుతోంది: ఈ దుంగ చేనిదా, శేషాచలం అడవిదా? 1995 నుంచి ఈ చెట్టు సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అనుమతి పత్రం లేనిదే సరుకు దేశం దాటదు. మూలం రుజువు కాకపోతే నష్టపోయేది మనమే.

ఇక్కడ డీఎన్ఏ పరీక్ష మనకు అక్కరకొస్తుంది. కానీ ఫలితమంతా నమూనా తీసే తీరులోనే ఉంది. ధర పలికేది చేవకే అయినా, అందులో కణాలు చచ్చిపోయి ఉంటాయి. డీఎన్ఏ ముక్కలైపోతుంది. ఆ ఎర్ర రంగు పదార్థాలు కూడా పరీక్షకు అడ్డుపడతాయి. బతికున్న కణాలు బెరడు కిందున్న పల్చటి పొరలోనూ, దాన్ని ఆనుకున్న తెల్లచెక్కలోనూ ఉంటాయి. అందుకని పైబెరడు చెక్కేసి, అక్కడినుంచే సన్నని పొట్టు తీయాలి. చెట్టు మారినప్పుడల్లా ఉలిని బ్లీచింగ్ నీళ్లతో శుభ్రం చేయాలి. లేకుంటే ఒకదాని డీఎన్ఏ ఇంకోదానికి అంటుతుంది. పొట్టును వెంటనే సిలికా జెల్‌లో ఆరబెట్టాలి. తడిగా సంచిలో కడితే బూజు పడుతుంది. ల్యాబులో దాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో గడ్డకట్టించి పొడి చేస్తారు.

దుంగ ఒక్కటే ఉంటే జాతి తెలుస్తుంది. ఫలానా చేనిదని తేలాలంటే పోల్చడానికి ఆ చేని చెట్టు నమూనా ఉండాలి. అందుకే మనం అడుగుతున్నాం: చెట్టు కొట్టకముందే నమూనా నమోదు చేయాలి. రైతు ఎదుటే తీసి, సీలు వేసి, ఒక భాగం రైతుకివ్వాలి. ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

చెట్టును పెంచింది మనం. దాని సాక్ష్యమూ మన చేతిలో ఉండాలి.